ఎండల్లో లాంగ్ స్కర్టు హాయిగా ఉండాలంటే

ప్రశ్న: కాలేజీకి లాంగ్ స్కర్టులు వేసుకోవడం ఇష్టం. ఎండాకాలం ఉక్కపోస్తోంది, పైగా పొట్టిగా కనిపిస్తున్నాను. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఉక్కకు కారణం చాలాసార్లు లోపలి లైనింగే. పైన కాటన్ ఉన్నా లోపల పాలిస్టర్ వేస్తే చెమట ఆరదు. స్కర్టు తిరగేసి చూడండి. లైనింగ్ జారుడుగా మెరుస్తుంటే విప్పించి మల్‌మల్ వేయించండి. కొత్తది కుట్టించుకుంటే నా ఓటు మంగళగిరి కాటన్‌కే. దాని నిజాం అంచు కింద ఎంత అందంగా కనిపిస్తుందో! పెడన కలంకారీ అయితే మొదటిసారి విడిగా ఉతకండి.

ఇక పొట్టిగా కనిపించకూడదంటే పొడవు కుర్తీ వద్దే వద్దు. టాప్ నడుము దగ్గరే ఆగాలి. ఉన్న టీషర్టునే ముందువైపు లోపలికి దోపినా చాలు, కాళ్లు పొడవుగా కనిపిస్తాయి. స్కూటీ వెనక కూర్చునేటప్పుడు మాత్రం కుచ్చులన్నీ ఒడిలోకి లాక్కోండి, చక్రం వైపు వేలాడనివ్వకండి.