‘ఆగుదాం’ అనగలిగినవాడు

నలుగురు స్నేహితులు లద్దాఖ్ ప్రయాణం కట్టారంటే కబుర్లన్నీ బండి చుట్టూ, ఫొటోల చుట్టూ తిరుగుతాయి. ఏ బండి అద్దెకు తీసుకోవాలి, పాంగాంగ్ సరస్సు దగ్గర టెంట్ ఎక్కడ దొరుకుతుంది, ఖార్దుంగ్ లా కనుమ మీద ఎవరు ఏ జాకెట్ వేసుకోవాలి అన్నీ తేలిపోతాయి. ‘మనలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏం చేద్దాం?’ అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే అపశకునం పలికినట్టు చూస్తారు. మనిషి వ్యక్తిత్వం బయటపడేది సరిగ్గా అక్కడే.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంటే, లద్దాఖ్‌లోని లేహ్ పట్టణం దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టంతో పోలిస్తే ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ అక్కడ సుమారు మూడో వంతు తక్కువ. విమానంలో వచ్చినవాళ్లను మొదటి రెండు రోజులూ ఊళ్లోనే విశ్రాంతి తీసుకోమనేది అందుకే. లేహ్ నుంచి మామూలు దారిలో పాంగాంగ్ వెళ్లాలంటే 5,000 మీటర్లు దాటిన చాంగ్ లా కనుమ ఎక్కి దిగాలి. సరస్సు కూడా 4,200 మీటర్ల పైనే ఉంది. తలనొప్పి, వికారం, ఆయాసం, నిద్ర పట్టకపోవడం ఎత్తు పడలేదనడానికి గుర్తులు. రోజూ జిమ్‌కు వెళ్లే కుర్రాడికైనా ఇవి రావచ్చు. కండలు చూసి కొండ కరుణించదు.

చాంగ్ లా మీద బండ్లు ఆగేచోట ముగ్గురు బోర్డు పక్కన నిలబడి ఫోన్‌లోకి నవ్వుతుంటారు. నాలుగోవాడు వెనక సీట్లో మంకీ క్యాప్ కళ్లదాకా లాక్కుని, నుదురు అద్దానికి ఆనించి కూర్చుంటాడు. “ఏమైంది మామా?” అంటే, “ఏం లేదురా, రాత్రి నిద్ర సరిపోలేదంతే. మీరు కానివ్వండి” అంటాడు.

ఆ అబద్ధంలో దురుద్దేశం లేదు. తనవల్ల అందరి సరదా పాడవుతుందన్న బెంగ, ‘వీడింతే’ అనిపించుకోవాల్సి వస్తుందన్న బిడియం ఉన్నాయి. ఇదే మనిషి ఆఫీసులో తలకు మించిన పనికి కూడా ‘చూసుకుంటాను సార్’ అంటాడు. అప్పు పీకల మీదికి వచ్చేదాకా ఇంట్లో నోరు విప్పడు. కష్టాన్ని మొదట్లోనే చెబితే ఒక పూట ఆగితే సరిపోయేది. దాచిపెడితే అర్ధరాత్రి ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగులు తీయాల్సి వస్తుంది.

తప్పంతా దాచినవాడిదే కాదు. ‘ఎవడు ముందు పడిపోతాడో చూద్దాం’ అని పందేలు కాసి, ఆనక నిజం చెప్పలేదని నిందిస్తే ఎలా? ఘాట్‌రోడ్డు మీద ఇరుకు చోట రెండు బండ్లు ఎదురుపడితే దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ఎత్తు ఎక్కుతూ ఆగిన బండిని మళ్లీ కదిలించడం కష్టం. స్నేహంలోనూ అంతే. ఆ పూట సులువుగా సాగుతున్నవాడే తగ్గాలి.

ఇందుకు మూడు అలవాట్లు చాలు. బయలుదేరే ముందే ఒక ఒప్పందం చేసుకోండి: ఎవరు ‘ఆగుదాం’ అన్నా వాదన, వెక్కిరింత ఉండకూడదు. లక్షణాలున్నవారు ఇంకా పైకి ఎక్కకూడదు. అవి ముదురుతుంటే తోడుగా ఒకరు వెంటనే కిందికి తీసుకెళ్లాలి. రెండోది, రోజూ సాయంత్రం ఒక్కొక్కరినీ విడివిడిగా పలకరించండి. ‘బాగున్నావా?’ అంటే ఎవరైనా ‘బాగున్నా’ అనే అంటారు. ‘అన్నం సహించిందా? తలనొప్పి ఉందా? రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?’ అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. మూడోది, ప్రణాళికలో ఒక రోజు ఖాళీగా వదలండి. ఊపిరి సలపని ప్రణాళికలో నిజం చెప్పడం కూడా నేరంలా తోస్తుంది.

లేహ్ నుంచి బయలుదేరే ముందు రాత్రి భోజనాల దగ్గర మొదట పెదవి విప్పాల్సింది మీలో అందరికంటే దిట్టంగా ఉన్నవాడే. ‘మెట్లెక్కితే నాకూ ఆయాసం వస్తోందిరా’ అని వాడు అనగలిగితే, చెప్పాలా వద్దా అని మథనపడుతున్నవాడికి ధైర్యం వస్తుంది. నాయకత్వం అంటే ముందు నడవడమే అనుకుంటాం. తన బలహీనతను ముందుగా ఒప్పుకోవడం కూడా అందులో భాగమే.