అమ్మ నడుము కొలత మనకు తెలుసా?

ఇంట్లో యాభై దాటిన అమ్మీనో, ఖాలానో కాస్త లావైతే "వయసు మీద పడింది, ఒళ్ళు రాదా మరి?" అనుకుని ఊరుకుంటాం. అందులో సగం నిజమే. మిగతా సగం తెలియకే ఎందరో తల్లులు షుగరు ముదిరాక గాని ఆస్పత్రి గడప తొక్కడం లేదు. ఈ వ్యాసం ఆ మిగతా సగం గురించి.

నెలసరి ఆగాక ఏం మారుతుంది?

వరుసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకే ఈ దశ వస్తుంది. అంతవరకు అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ హార్మోను వల్ల కొవ్వు ఎక్కువగా తుంటి, తొడల దగ్గర చేరుతుంది. ఆ హార్మోను తగ్గాక అదే కొవ్వు పొట్టలోకి చేరడం మొదలవుతుంది. వయసుతో కండ కూడా తగ్గుతూ వస్తుంది. అన్నం, రొట్టెల నుంచి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగాన్ని వాడుకునేది కండే. తిండి మునుపటిలాగే ఉండి కండ తగ్గితే, మిగిలింది కొవ్వుగా మారుతుంది.

కొవ్వు ఎక్కడ చేరిందన్నదే అసలు సంగతి

తొడల దగ్గరి కొవ్వు చాలావరకు అక్కడే నిలవ ఉంటుంది, పెద్దగా హాని చేయదు. పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు అలా కాదు. దాని నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరతాయి. అప్పుడు ఇన్సులిన్ ఎంత ఉన్నా కాలేయం మీద సరిగా పనిచేయదు. కాలేయం అవసరానికి మించి చక్కెరను, ట్రైగ్లిజరైడ్లను రక్తంలోకి వదులుతుంది. షుగరు, బీపీ, ఫ్యాటీ లివర్, గుండెజబ్బు ఒకదాని వెంట ఒకటి రావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంకో విషయం. అండాశయాలు పని ఆపినా కొవ్వు కణజాలం కొంత ఈస్ట్రోజెన్ తయారుచేస్తూనే ఉంటుంది. కొవ్వు బాగా ఎక్కువైతే దీనివల్ల రొమ్ము క్యాన్సర్, గర్భసంచి లోపొర క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే మెనోపాజ్ తర్వాత ఒక్కసారి రక్తం కనిపించినా సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చూపించాలి.

బరువు ఒక్కటే చూస్తే చాలదు

అమెరికాలో మెనోపాజ్ దాటిన లక్షా యాభై ఆరు వేలకు పైగా స్త్రీల వివరాలు పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. బరువు మామూలుగానే ఉండి నడుము మాత్రం పెరిగినవారిలో మరణం ముప్పు సుమారు 31 శాతం ఎక్కువగా కనబడింది. స్థూలకాయంతో పాటు పొట్ట కూడా ఉన్నవారి ముప్పుకు ఇది ఇంచుమించు సమానం. అంటే తూకం మీద నిలబెట్టి "ఫరవాలేదు" అని పంపేసిన తల్లికి కూడా ప్రమాదం ఉండవచ్చు.

కొలవడానికి దర్జీ టేపు చాలు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, మామూలుగా ఊపిరి వదిలాక, బిగించకుండా కొలవాలి. భారతీయ స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31న్నర అంగుళాలు హద్దు. అది దాటితే బీపీ, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించాలి. పరగడుపు షుగరు 100 నుంచి 125 వరకు ఉంటే అది హెచ్చరిక. 126, ఆపైన ఉంటే మరోసారి పరీక్షించి షుగరు జబ్బును నిర్ధారిస్తారు.

చేయగలిగింది ఎంతో ఉంది

షుగరు హద్దులో ఉన్నవారిపై చెన్నైలో జరిగిన అధ్యయనం 2006లో వెలువడింది. నడక, తిండిలో మార్పులతోనే షుగరు జబ్బు వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గినట్లు అందులో తేలింది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండకు పని చెప్పే వ్యాయామం అవసరం. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం కూడా వ్యాయామమే. బీడీలు చుట్టే, కుట్టుమిషను మీద కూర్చునే తల్లులు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. పళ్ళెంలో అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, చేప, కూర పెంచాలి. కడుపులో మూడో వంతు ఖాళీ ఉంచుకోమన్న దైవప్రవక్త (స) బోధ మనకు తెలిసిందే.

రంజాన్‌లో ఇఫ్తార్‌కు ఖర్జూరం, నీళ్ళు, పండ్లు చాలు. రోజూ సమోసాలు, షర్బత్‌లు అక్కర్లేదు. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవారు రోజాలకు ముందే డాక్టరును కలవాలి. రోగులకు ధర్మం ఇచ్చిన సడలింపును వాడుకోవడం తప్పు కాదు.

దాతలకు ఒక మనవి

మన సాయం అందుకునేవారిలో వితంతువులు, ఒంటరి తల్లులు ఎందరో ఉంటారు. వారికిచ్చే రంజాన్ సరుకుల సంచిలో చక్కెర, మైదా, డాల్డా తగ్గించి కందిపప్పు, శనగలు, వేరుశనగలు పెంచుదాం. వైద్య శిబిరంలో నడుము కొలిచేందుకు ఒక మహిళను, పర్దా ఉన్న ఒక మూలను ఏర్పాటు చేద్దాం. మగవాళ్ళు కొలుస్తారేమోనన్న బిడియంతో వెనుదిరిగే తల్లులు అప్పుడు లోపలికి వస్తారు. ఇందుకయ్యే ఖర్చు చాలా తక్కువ. డయాలిసిస్ దాకా వచ్చాక చేసే సాయం కంటే ఈ సాయం ముందే అందుతుంది.

అయితే మొదటి టేపు మన ఇంట్లోనే తీయాలి. అల్లాహ్ మన తల్లులకు ఆరోగ్యంతో కూడిన ఆయుష్షు ప్రసాదించుగాక! ఆమీన్.