పాత లాగుడు స్క్రేపరును బాగుచేసి వాడుకొనుట

మాగాణిలో ఒక మూల మిట్టగాను, ఒక మూల పల్లముగాను ఉన్నచో నీరు సమముగా నిలువదు. మిట్టపై నాటిన పైరు నీరందక వాడును. పల్లములోనిది మునిగి పిలకలు వేయదు. ఈ సంగతి రైతులకు మేము చెప్పవలసిన పని లేదు. అయితే నేలను చదును చేయుట అనగా ఎంత మట్టిని కదల్చుటయో లెక్క వేసి చూచినవారు తక్కువ. ఒక ఎకరములో ఒక్క అంగుళము మందము మట్టి అనగా 3,630 ఘనపుటడుగులు, అనగా సుమారు 103 ఘనపు మీటర్లు. ఇంత మట్టిని తట్టలతో మోయుట కష్టము. ట్రాక్టరు వెనుక కట్టిన పలక దగ్గరి మట్టిని నెట్టునే గాని దూరము మోయలేదు.

మట్టిని తానే గీచి, తనలో నింపుకొని, మోసికొనిపోయి, పలుచగా పరచు పనిముట్టు స్క్రేపరు. దీనిలో గట్టి ఇనుము తప్ప సున్నితమైన భాగములు తక్కువ. కనుక ఏండ్ల తరబడి మూలపడిన స్క్రేపరు కూడ బాగుచేసినచో తిరిగి పనికి వచ్చును. కాని బాగుచేయుటలో తొందరపడినచో ప్రాణమునకు, నడుపుటలో తొందరపడినచో పొలమునకు ముప్పు కలదు. ఆ రెండింటిని తప్పించుకొను విధము ఈ పాఠమున చెప్పబడినది.

పుట్టుక

ఈ యంత్రము పొలములలోనే పుట్టినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రెస్నో పట్టణమందు జేమ్స్ పోర్టియస్ అను ఆయన 1883 లో గుర్రములు లాగు స్క్రేపరుకు పేటెంటు పొందెను. కాలువలు త్రవ్వుటకు, ఇసుక నేలలు చదును చేయుటకు అది వాడబడెను. ఆ రాష్ట్రమందే స్టాక్‌టన్‌లో రాబర్ట్ గిల్మోర్ లెటోర్నో అను మెకానిక్కు 1920 ప్రాంతమున ట్రాక్టరుతో రైతుల పొలములను కూలికి చదును చేయుచు, ఉన్న స్క్రేపర్లు చాలక తానే పెద్దవి తయారుచేయసాగెను. తరువాత ఇనుప తాళ్ళతో లేపుచు దించుచు నడుపు స్క్రేపర్లు వాడుకలోనికి వచ్చినవి. 1950 తరువాత క్రమముగా హైడ్రాలిక్ సిలిండర్లు ఆ తాళ్ళ స్థానము నాక్రమించినవి.

ముఖ్య భాగములు

స్క్రేపరులో మూడు భాగముల పని తెలిసికొన్న చాలును. మొదటిది తొట్టి. దీని ముందంచున బ్లేడు బిగించబడి యుండును. తొట్టిని దించినపుడు బ్లేడు నేలను గీచును. రెండవది ముందు తలుపు. ఇది మూసికొన్నచో నిండిన మట్టి జారిపోదు. మూడవది తొట్టి వెనుకనున్న తోయుడు గోడ. ఇది ముందుకు జరిగి మట్టిని బయటకు నెట్టును.

తాళ్ళతో నడచు రకములో ట్రాక్టరు వెనుక రెండు డ్రమ్ములు ఉండును. ఒక తాడు తొట్టిని లేపును. రెండవ తాడు మొదట తలుపును లేపి, పిమ్మట తోయుడు గోడను ముందుకు లాగును. తొట్టి, తలుపు తమ బరువుతోనే దిగును. చాల నమూనాలలో తోయుడు గోడ బలమైన స్ప్రింగుతో వెనుకకు పోవును.

కొనుటకు ముందు చూడవలసినవి

1. చట్రము: మెడ వంపు వద్దను, లాగుడు కొక్కెము వద్దను తుప్పు గీకి చూడవలెను. పగుళ్ళు సాధారణముగ అచ్చటనే పుట్టును. పాత అతుకు మీద అతుకు వేసియున్న యంత్రమును వదలివేయుట మేలు.

2. బ్లేడు: చాల యంత్రములలో బ్లేడును త్రిప్పి బిగించవచ్చును. ఒక అంచు అరిగిన రెండవ అంచు పనికివచ్చును. మధ్య ముక్క ముందుగా అరుగును. బ్లేడు పూర్తిగా అరిగి తొట్టి పెదవియే అరిగియున్నచో ఖర్చు పెరుగును.

3. కప్పీలు: చేతితో ఊపి చూడవలెను. గాడిలో తాడు ముద్రలు పడియున్న కప్పీ క్రొత్త తాడును త్వరలో కోసివేయును.

4. లాగు శక్తి: తొట్టి కొలత చూచి తూకము లెక్క వేయవలెను. ఒక ఘనపు మీటరు మట్టి సుమారు టన్నున్నర తూగును. దీనికి యంత్రము బరువు కూడ కలుపవలెను. పాత పెద్ద స్క్రేపర్లు గొలుసు చక్రముల ట్రాక్టర్లకు ఉద్దేశించినవి. మన 45, 50 హార్స్‌పవరు ట్రాక్టర్లకు చిన్న తొట్టి రకములే తగును.

బాగుచేయునపుడు ప్రాణరక్షణ

లేపిన తొట్టి క్రింద గాని, తలుపు క్రింద గాని ఎన్నడును దూరరాదు. తాడు గాని, హైడ్రాలిక్ గొట్టము గాని తెగినచో తప్పించుకొను వ్యవధి ఉండదు. పనికి ముందు తొట్టిని నేలకు దించవలెను. లేపియుంచుట తప్పనిసరియైనచో గట్టి దుంగలు పేర్చి, బరువు వానిపై ఆనిన తరువాతనే చేయి పెట్టవలెను. జాకీని మాత్రము నమ్మరాదు. తోయుడు గోడ స్ప్రింగు బిగువులో ఉండును. దానిని పనిముట్లున్న మెకానిక్కుచేతనే విప్పించవలెను.

గాలియున్న టైరు బిగించిన చక్రమునకు వెల్డింగు చేయరాదు, మంట చూపరాదు. లోపలి గాలి వేడెక్కి టైరు బాంబువలె పేలును. విడి రింగుతో బిగించు చక్రములు మరింత ప్రమాదకరము. వాల్వు లోపలి పిన్ను తీసి గాలి పూర్తిగా పోయిన పిదపనే నట్లు విప్పవలెను. గాలి పట్టునపుడు ఎదుట నిలువక, పొడుగు గొట్టముతో ప్రక్కన నిలువవలెను.

పాత క్లచ్చు, బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హానికరము. గాలితో ఊదక, తడిగుడ్డతో తుడిచి గుడ్డను పాతిపెట్టవలెను. పాత రంగులో సీసము ఉండవచ్చును గనుక దానిని మంటతో కాల్చి తీయరాదు.

బిగుసుకొనిన పిన్నులకు డీజిలు పోసి ఒకటి రెండు దినములు నాననిచ్చి, పిమ్మట కొట్టినచో చాలవరకు కదలును. అరిగిన పిన్నులను, బుష్షులను లేతు పనివారిచే చేయించవచ్చును. గ్రీజు దారులన్నిటిని శుభ్రపరచి, పాత మడ్డి పోయి క్రొత్త గ్రీజు కనబడువరకు ఎక్కించవలెను.

ఇనుప తాడు

తాడును గుడ్డతో పట్టి పొడవునా చూడవలెను. వట్టి చేయి పెట్టినచో తెగిన తీగలు గ్రుచ్చుకొనును. ఒక పాయ తాడు చుట్టూ పూర్తిగా ఒకసారి తిరుగునంత పొడవులో ఆరు తీగలు గాని, ఒకే పాయలో మూడు తీగలు గాని తెగియున్నచో ఆ భాగము పనికిరాదు. తాడు కొనను సాకెట్టులో బిగించునపుడు బరువు లాగు పాయ పిన్నుకు సూటిగా ఉండవలెను. అడ్డముగా వంగినచో అక్కడనే తెగును. పాత స్క్రేపర్లలో కొన్నింటికి అదనపు తాడు చుట్టిన చక్రము ఉండును. అరిగిన కొన కోసివేసి దానినుండి క్రొత్త తాడు వదలుకొనవచ్చును. యంత్రము పనిచేయునపుడు తాడు దరిదాపుల ఎవ్వరును నిలువరాదు.

తాళ్ళు తీసి హైడ్రాలిక్ సిలిండర్లు అమర్చుకొనువారు ఒక సంగతి గమనింపవలెను. తాడు లాగుటయే గాని నెట్టదు. సిలిండరు నెట్టగలదు కూడ. అందువలన బ్లేడుపైన, చట్రముపైన క్రొత్త ఒత్తిడి పడును. చట్రమునకు తగిన బలము చేర్చనిదే ఈ మార్పు చేయరాదు. నూనె చెమ్మ కారుచోటును చేతితో తడుమరాదు. సూదిమొనంత రంధ్రమునుండి చిమ్ము నూనె చర్మమును చీల్చుకొని లోనికి పోవును. అట్టముక్కతో పరీక్షింపవలెను.

నడుపు విధము

మట్టి పదును ముఖ్యము. పిడికెడు మట్టి నొక్కి చూడవలెను. ఉండకట్టి, వ్రేలితో నొక్కగానే విడిపోయినచో పదును సరియైనది. తడి నల్లరేగడి తొట్టికి అంటుకొని కదలదు. చక్రముల క్రింద నేలయు గట్టిపడును. ఎండి గట్టిపడిన నేలను ముందుగా కల్టివేటరుతో కదల్చవలెను.

వాలు ఉన్నచోట దిగువవైపు పోవుచు గీచినచో ట్రాక్టరుకు శ్రమ తగ్గును. బ్లేడును కొద్దిగా దించి, తలుపును కొద్దిగా తెరచి, తిన్నగా పోవలెను. లోతుగా దించినచో ట్రాక్టరు ఆగును, బ్లేడు వంగును. తొట్టి నిండగానే తలుపు మూసి, నేలకు తగులనంత ఎత్తు మాత్రమే లేపి పోవలెను. బ్లేడు నేలలో ఉండగా మలుపు తిప్పరాదు. వాలుకు అడ్డముగా నడుపరాదు, బోల్తాపడును. దిగువకు పోవునపుడు నిండిన స్క్రేపరు ట్రాక్టరును నెట్టును. అదుపు తప్పునట్లు తోచినచో తొట్టిని వెంటనే నేలకు దించవలెను. అదియే దాని బ్రేకు.

పల్లములో మట్టిని ఒక్కచోట గుమ్మరింపక, కదలుచునే పలుచని పొరలుగా పరచవలెను. పోసిన మట్టి తరువాత క్రుంగును గనుక కొంత ఎత్తుగా ఉంచవలెను.

పైమట్టిని కాపాడుకొనుట

పైరును పోషించునది పై అరడుగు మట్టియే. మిట్టను గీచి ఆ మట్టినంతయు పల్లములో వేసినచో పొలము చూపునకు చదునగును గాని, గీచినచోట అడుగు మట్టి బయటపడి కొన్నేండ్లు పైరు సరిగా రాదు. స్క్రేపరు దొరికినది గదా యని ఒక్క వేసవిలో పొలమంతయు గీచిన రైతు, చదును ఫలమును దిగుబడి నష్టముతో పోగొట్టుకొనును.

కనుక పొలమును పట్టీలుగా విభజింపవలెను. మొదటి పట్టీ పైమట్టిని తీసి ప్రక్కన కుప్ప వేయవలెను. అడుగు మట్టిని చదును చేయవలెను. రెండవ పట్టీ పైమట్టిని తీసి మొదటిదానిపై పరచవలెను. ఇట్లు సాగి, చివరి పట్టీపై మొదటి కుప్పను పరచవలెను. పని కొంత పెరిగినను ఈ పద్ధతియే క్షేమము.

గీచినచోట పశువుల ఎరువు వేసి, జీలుగ గాని, జనుము గాని పెంచి కలియదున్నవలెను. అట్టిచోట వరిలో జింకు లోపము తరచుగా కనిపించును. లోపమున్నచో ఎకరమునకు 20 కిలోల జింక్ సల్ఫేటును దుక్కిలో వేయవలెను. దీనిని భాస్వరపు ఎరువులతో కలిపి వేయరాదు.

చివరి చదును

పాత స్క్రేపరుతో ఎత్తుపల్లములు తీయవచ్చును గాని, అంగుళములోపు తేడాలు సరిచేయుట కష్టము. దానికి లేజరు చదును యంత్రమును అద్దెకు తెచ్చుకొనవచ్చును. పెద్ద మట్టిపని ముందే ముగిసియున్నచో దాని అద్దె గంటలు తగ్గును.

మొదటి తడి పెట్టిన దినమున గట్టు వెంబడి నడచి, నీరు నిలిచినచోట్ల, తేలినచోట్ల కర్రలు పాతి గుర్తుంచుకొనవలెను. గీచినచోట మట్టిని ప్రత్యేకముగా తీసి భూసార పరీక్షకు మీ మండల వ్యవసాయాధికారి ద్వారా పంపవలెను. మరుసటి వేసవిలో ఆ కర్రల గుర్తును, పరీక్షా ఫలితమును చేత బట్టుకొని మిగిలిన పని చేసికొనవలెను. పని ముగిసిన ప్రతి సాయంకాలము తొట్టిని నేలకు దించి ఇంటికి పోవలెను.