70 డిగ్రీల దగ్గర ఓపిక

ఓపిక పెంచుకోవాలంటే ధ్యానం చేయమంటారు, డైరీ రాయమంటారు. చేయండి, మంచిదే. నేను మాత్రం ఒక ఆదివారం మొత్తాన్ని ఒకే మాంసం ముక్కకు ఇవ్వమంటాను. మూడు కిలోల పెద్దకూర, అందులోనూ రొమ్ము భాగం. టెక్సాస్ వాళ్ల బ్రిస్కెట్ ఇదే. సన్నని సెగ మీద, కట్టె పొగలో, ఎనిమిది నుంచి పది గంటలు. అడ్డదారి లేదు. మంట పెంచితే పైన మాడుతుంది, లోపల నమలలేనంత గట్టిగా ఉండిపోతుంది. మీరు ఎంత తెలివైనవారైనా, ఎంత డబ్బున్నవారైనా ఈ ముక్క దగ్గర లెక్క ఒకటే.

హైదరాబాద్ నాగోల్‌లో ఉండేవాళ్లకు ఈ సాధన మరీ అవసరమని నా నమ్మకం. మెట్రో బ్లూ లైన్ ఇక్కడ మొదలై రాయదుర్గం దాకా పోతుంది. పొద్దున ఎక్కిన మనిషికి రాత్రి ఇక్కడ దిగేదాకా నిమిషాలతోనే బతుకు. మాంసం విషయంలో మన పెద్దలు ఇలా లేరు. తెలంగాణ పల్లెల్లో, ముఖ్యంగా మాదిగ, మాల వాడల్లో, పెద్దకూరను పొడవుగా సన్నగా కోసి ఉప్పు, పసుపు పట్టించి తీగల మీద ఎండబెట్టి తునకలు చేసుకునేవారు. వానాకాలానికి అదే కూర. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హలీం కూడా భట్టీ మీద గంటలకొద్దీ ఉడికి, దంచితేనే హలీం.

ఇక ఎంపిక. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం గోవధ నిషేధం. దుకాణాల్లో దొరికేది ప్రధానంగా దున్న, గేదె మాంసం. అది ముదురు ఎరుపులో ఉంటుంది, కొవ్వు తెల్లగా ఉంటుంది. రంగు నల్లబారినా, పైన జిగురు తగిలినా, పులిసిన వాసన వచ్చినా వదిలేయండి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. పైన అర అంగుళం కొవ్వు పొర ఉన్న ముక్క దొరికితే అదృష్టమే. గేదె మాంసంలో కొవ్వు తక్కువ, ఆ పొరే దాన్ని ఎండిపోకుండా కాపాడుతుంది.

మన దగ్గర అలవాటుగా అన్నీ చిన్న ముక్కలు కొట్టేస్తారు. కాబట్టి ముందురోజే చెప్పాలి (సీనా అంటే రొమ్ము భాగం): "భాయ్, రేపు పొద్దుగాల సీనా కావాలె. కొట్టొద్దు, ఒక్కటే ముక్కగా ఇయ్యి." ఇంత స్పష్టంగా అడగడం చాలామందికి రాదు. దుకాణంలో మొహమాటపడి ఇచ్చింది తెచ్చుకుని, ఇంటికొచ్చి సణుగుతారు. ఆఫీసులో జీతం గురించి మాట్లాడేటప్పుడూ వీళ్లు ఇంతే. ఏం కావాలో ముందే తెలుసుకోండి, ఒక్క వాక్యంలో అడగండి. లైసెన్సు ఉన్న శుభ్రమైన దుకాణమే చూసుకోండి. మాంసం మీద ఆసక్తి ఇంకా ముదిరితే, ఉప్పల్ దాటి చెంగిచెర్ల వెళ్తే భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి మాంస పరిశోధన సంస్థే ఉంది. అక్కడ శిక్షణలు కూడా ఇస్తారు.

ముందురోజు రాత్రి కిలోకు పది గ్రాముల ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు అద్దండి. అల్లం వెల్లుల్లి, గరం మసాలా జోలికి పోకండి. ఈ ఒక్కసారికి మాంసాన్ని మాట్లాడనివ్వండి.

మూత ఉన్న గ్రిల్ ఉంటే సరే. లేదంటే శుభ్రమైన ఇనుప డ్రమ్ముకు వెల్డింగ్ షాపులో జాలీ, గాలి రంధ్రాలు పెట్టించుకోవచ్చు. లోపల రంగు, నూనె అవశేషాలు ఉన్న డ్రమ్ము మాత్రం వద్దు. బొగ్గులు ఒక పక్కకు, మాంసం ఇంకో పక్కకు, మధ్యలో గిన్నెడు నీళ్లు. బొగ్గుల మీద ఎండిన మామిడి లేదా చింత కట్టె ముక్కలు రెండు మూడు. తెల్లగా దట్టంగా పొగ వస్తుంటే మాంసం పెట్టకండి, చేదెక్కుతుంది. పొగ పలచబడి లేత నీలంగా మారేదాకా ఆగండి. వేడి 110 నుంచి 120 డిగ్రీల మధ్య నిలవాలి. అపార్ట్‌మెంట్ టెర్రస్ అయితే అసోసియేషన్‌ను అడగండి, పై అంతస్తు వాళ్లకు ముందే చెప్పండి. మన ఇష్టం పక్కింటి కిటికీలోకి దూరకూడదు.

అసలు పరీక్ష మధ్యాహ్నం వస్తుంది. థర్మామీటర్ ముక్క మధ్యలో గుచ్చి చూస్తుంటే 50, 60 చకచకా దాటుతుంది. 70కి కాస్త అటూఇటూగా ఆగిపోతుంది. గంట గడుస్తుంది, రెండు గడుస్తాయి, అంకె కదలదు. ఇక్కడే మనుషులు బొగ్గులు గుమ్మరిస్తారు, నిమిషానికోసారి మూత తీస్తారు, పాడైందని గ్యాస్ పొయ్యి మీదికి మారుస్తారు.

ఎందుకు ఆగింది? గ్రెగ్ బ్లాండర్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి చూశారు. తడి స్పాంజి పెట్టినా వేడి అలాగే మధ్యలో ఆగింది, వట్టి కొవ్వు ముద్ద ఆగలేదు. అంటే కారణం తేమ. మాంసంలోంచి నీరు పైకి వచ్చి ఆవిరవుతూ, వచ్చిన వేడిని వచ్చినట్టే పట్టుకుపోతోంది. ఎండాకాలం మట్టి రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఈ సూత్రంతోనే. అంకె నిలిచిన ఆ గంటల్లోనే లోపల కండరాలను పట్టి ఉంచే గట్టి కొల్లాజెన్ మెల్లగా కరిగి జెలటిన్ అవుతోంది. మీరు ఎదురుచూస్తున్న మెత్తదనం అదే. బయటికి ఏమీ జరగనట్టున్న వేళే ముఖ్యమైన పని జరుగుతోంది.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఈ సంగతి చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మొదటి నెలల్లో మాక్ టెస్టు మార్కులు గబగబా పెరుగుతాయి, తర్వాత ఒకచోట నిలిచిపోతాయి. అప్పుడే సెంటరు మారుస్తారు, పుస్తకాలు మారుస్తారు, కొందరు బస్సెక్కి ఊరికి పోతారు. తమ్ముడూ, చెల్లీ, అంకె ఆగితే ముందు కారణం వెతకండి. నిప్పు ఆరిందా, లేక సెగ సరిగ్గానే ఉండి లోపల పని నడుస్తోందా? నిప్పు ఆరితే రాజేయాలి. సెగ సరిగ్గా ఉంటే చేయి పెట్టకూడదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలగడమే నా దృష్టిలో ఓపిక. గుడ్డిగా కూర్చోవడాన్ని నేను ఓపిక అనను.

అందుకే ఆగిన చోట చేయదగిన పని ఒకటుంది. పైన ముదురు గోధుమ రంగు పొర గట్టిపడి, గోటితో గీస్తే ఊడి రాకపోతే, ముక్కను అల్యూమినియం ఫాయిల్‌లో బిగించి చుట్టండి. ఆవిరి బయటికి పోదు, అంకె మళ్లీ కదులుతుంది. పొర ఇంకా తడిగా ఉంటే చుట్టకండి, కొట్టుకుపోతుంది. 93, 95 డిగ్రీల దగ్గర సన్నని ఊచ గుచ్చి చూడండి. ఎక్కడా అడ్డు తగలకుండా దిగితే అయింది. ఎక్కడైనా పట్టేస్తే అంకె ఎంత చూపినా కాలేదు.

దించగానే కోయొద్దు. చుట్టింది చుట్టినట్టే గంటసేపు ఉంచితే రసం లోపల సర్దుకుంటుంది. తర్వాత నారకు అడ్డంగా, పెన్సిలు మందాన కోయండి. రొమ్ములో రెండు కండరాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, వాటి నార రెండు దిక్కులకు పోతుంది. సగం కోశాక ఆగి దిక్కు చూసుకుని కత్తి తిప్పండి. తినేంతే కోయండి. మిగిలింది ముక్కగానే ఫ్రిజ్‌లో పెడితే, మర్నాడు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో వేయించి జొన్నరొట్టెలోకి తినొచ్చు.