అచ్చుకు ముందు: మన కరపత్రాన్ని మనమే దిద్దుకోవడం

సికింద్రాబాదు మోండా మార్కెట్టులో కూరగాయల వరుసలు దాటి కిరాణా దుకాణాల వైపు పోతుంటే ఎవరో ఒకరు చేతిలో కరపత్రం పెడతారు. వాటిలో చాలావాటిని, రాసినవాడు తప్ప రెండో మనిషి అచ్చుకు ముందు చదివి వుండడని నా అనుమానం. నేను అనేది అచ్చుతప్పుల మాట కాదు, అవి ప్రెస్సువాళ్లు కూడా పట్టుకొంటారు. సరుకు గురించి మనం రాసింది నిజమా, కొనేవాడికి అది ఏమని అర్థమౌతుంది, ఈ రెండూ మాత్రం రాసినవాడే చూసుకోవాలె. ఎట్లా చూసుకోవాలో మా యింటి కరపత్రంతోనే చెపుతాను.

మాది వరి పండించే కుటుంబం. మా నాయన, మరో నలుగురు రైతులు కలిసి వానాకాలం పంటను మిల్లు పట్టించి నేరుగా అమ్ముదామని నిశ్చయించారు. మోండా దగ్గర ఒక దుకాణం ముందు కొన్నాళ్లకు చోటు దొరికింది. రకం ఆర్.ఎన్.ఆర్. 15048. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు తెచ్చిన యీ సన్నరకానికే 'తెలంగాణ సోన' అని పేరు. బి.యస్సీ. చదువుతున్నానని కరపత్రం పని నా మెడకు చుట్టారు. ఐదుగురు చెప్పినవీ రాసుకొంటే యిట్లా వచ్చింది: "షుగర్ లేని బియ్యం! మధుమేహం మాయం! పూర్తి సేంద్రియం! నెంబర్ వన్ నాణ్యత!"

రాసిన కాగితాన్ని ఒక రాత్రి పక్కన పెట్టాలి. మర్నాడు, ఆ సంగతి తెలియని మనిషి ముందు గట్టిగా చదవాలి. నేను మా నానమ్మ ముందు చదివాను. ఆమెకు షుగరు వుంది. "షుగర్ లేదంటున్నవు గదరా, అయితే రాత్రికి ఇంకో గంటెడు పెట్టుమను" అన్నది. అందరం నవ్వినాం గాని ఆ మాటకు అసలు పరీక్ష అదే. మోండాలో ఆ కాగితం అందుకొన్న షుగర్ మనిషి కూడా అట్లాగే అన్నం పెంచుతాడు, మాత్ర మానేసినా మానేస్తాడు.

తరువాత ప్రతి మాట కింద పెన్సిలుతో "ఇది నాకెట్లా తెలుసు?" అని రాసుకోవాలి. మిత్రులారా, ప్రాక్టికల్ రికార్డులో చూసింది వేరుగా, దాన్నిబట్టి అనుకొన్నది వేరుగా రాస్తాం గదా, అదే పద్ధతి.

"షుగర్ లేని" అనే మాట ఎక్కడ పుట్టింది? ఈ రకానికి గ్లైసెమిక్ ఇండెక్స్ 51 చిల్లర అని పరీక్షలో తేలింది. 55, అంతకు లోపు వుంటే తక్కువ కింద లెక్క. 50 గ్రాముల పిండిపదార్థం వుండేంత అన్నం పెట్టి, రెండు గంటలపాటు రక్తంలో గ్లూకోజు పెరుగుదల కొలుస్తారు. అంతే గ్లూకోజు తాగినప్పటి పెరుగుదలను 100 అనుకొని దానితో పోలుస్తారు. అంటే చక్కెర మెల్లగా ఎక్కుతుందని అర్థం, ఎక్కదని కాదు. బియ్యంలో నూటికి 75 పాళ్లకు పైగా పిండిపదార్థమే. అది కడుపులో గ్లూకోజు కాక మరేమౌతుంది? పాలిషును బట్టి, వండే తీరును బట్టి ఆ అంకె కూడా కదులుతుంది. పైగా మా మడిలో పండినదాన్ని ఎవరూ కొలవలేదు. మాట కొట్టేశాను, 51 అంకె కూడా వెయ్యలేదు.

"మధుమేహం మాయం" సంగతి చట్టమే తేల్చింది. తిండి పదార్థం రోగం నయం చేస్తుందని ప్రకటించరాదని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలు చెపుతున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2006 ఆహార భద్రతా చట్టం కింద 10 లక్షల రూపాయలదాకా జరిమానా. ఆ లెక్క విన్నాక ఐదుగురిలో ఎవరూ పట్టుపట్టలేదు.

"సేంద్రియం" దగ్గర వాదన నడిచింది. రెండు దఫాలు యూరియా చల్లింది నేనే. "పశువుల ఎరువు గూడ తోలినం గదా" అన్నాడు నాయన. తోలినం, నిజమే. కాని యూరియా మాట దాచి ఎరువు మాటే చెప్పడం కూడా ఒక రకం అబద్ధమనిపించి అదీ తీసేశాను. "నెంబర్ వన్" గురించి చెప్పేదేముంది, పక్క దుకాణం కాగితం మీద కూడా అదే వుంటుంది.

"అన్నీ కొట్టేస్తివి. అందరు వేస్తుండ్రు, మనమొక్కలమే వెయ్యకుంటె ఎవడు కొంటడురా?" అన్నాడు నాయన. తేలిక ప్రశ్న కాదు. మిల్లు ఖర్చులకు అప్పు తెచ్చారు. కొట్టేయడం సగం పనే, ఖాళీ అయిన చోట కొనేవాడు నిజంగా అడిగేది పెట్టాలి. ఒక ఆదివారం మోండాలో బియ్యం దుకాణాల ముందు నిలబడి విన్నాను. కొత్తయా, పాతయా? ఎప్పుడు పట్టించిన్రు? బస్తా ఎన్ని కిలోలు? అన్నం ముద్దయితే వాపసు తీసుకుంటరా? ఈ నాలుగింటికీ మా కాగితంలో జవాబు లేదు! బస్తా సంగతే చూడండి. 2022 జూలైలో 25 కిలోల వరకు వుండే ప్యాకెట్ల మీద 5 శాతం జి.ఎస్.టి. వేసినప్పటి నుంచి బజారులో 26 కిలోల బస్తాలు కనిపిస్తున్నాయి. 25 అనుకొని ధర పోల్చేవాడికి బస్తా 26 అని చెప్పాలి గదా.

1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీత కచేరీలలో దాన్ని ఉచితంగా పంచేవారట. ఆ పద్ధతి మాకూ నచ్చింది. చివరకు ప్రెస్సుకు పోయిన కాగితం ఇది:

"తెలంగాణ సోన (ఆర్.ఎన్.ఆర్. 15048) సన్నబియ్యం. మేమే పండించి మిల్లు పట్టించాం. ఈ వానాకాలం పంట, కొత్త బియ్యం. పట్టించిన తేదీ బస్తా మీద వుంది. బస్తా 26 కిలోలు. ముందు ఒక పూటకు సరిపడా ఊరికే తీసుకుపోయి వండి చూడండి. నచ్చకుంటే విప్పని బస్తా వాపసు తీసుకొంటాం."

నాయన రెండుసార్లు చదివించుకొని, "కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పొయ్యాలె, అది గూడ రాయి" అన్నాడు. రాశాను.