జింక ఎవరిదీ కాదు, నేల మాత్రం ఒకరిది: స్కాట్లాండ్ జింకల సంఘాల నుంచి ఒక పాఠం



ఈసారి పాఠం పురుగు గురించి కాదు, ఆకు గురించి. అందులోనూ మన చేతికి రాకముందే పోయే ఆకు గురించి. అడవి అంచున తోటలున్నవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు. 100 గుడ్లకు దగ్గర దగ్గర టన్ను ఆకు కావాలి. అందులో 80 పాళ్లకు పైగా నాలుగో జ్వరం లేచిన తర్వాతే పడుతుంది. సరిగ్గా ఆ వారంలో రెండు రాత్రులు జింకలు తోటలోకి దిగితే, తెల్లారి బుట్ట పట్టుకుని పక్క ఊళ్లో ఆకు కొనడానికి పోవాల్సిందే. దొరికితే దొరుకుతుంది, లేకపోతే పురుగు పస్తు.

ఈ మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు అడిగేది ఒకటే. వేరే దేశాల్లో ఏం చేస్తారు? కాల్చి పారేస్తారు కదా, మనకేనా ఈ చట్టాలన్నీ? ఈ ప్రశ్న మాకూ ఉండేది. అందుకే స్కాట్లాండ్ సంగతి కాస్త వివరంగా చదివి రాస్తున్నాం. నిజమే, అక్కడ జింకల్ని కాలుస్తారు. కానీ ఒక తూటా పేలాలంటే ముందు ఎంతమంది ఒప్పుకోవాలో, ఎంత లెక్క రాయాలో చూస్తే, మన గట్టు తగాదాలే మనకు గుర్తొస్తాయి.

స్కాట్లాండ్ బ్రిటన్ దేశానికి ఉత్తరాన ఉండే కొండల సీమ. అక్కడ ప్రధానంగా రెండు సొంత జాతుల జింకలున్నాయి. ఒకటి ఎర్రజింక, మన కణుజు లెక్కన పెద్దది, కొండల మీద గుంపులుగా తిరుగుతుంది. రెండోది రో జింక, చిన్నది, తోపుల్లో, పొలాల పక్కన ఒకటీ అరా కనపడుతుంది. బయటినుంచి తెచ్చి వదిలిన జాతులు ఇంకో రెండున్నాయి. తోడేళ్లు అక్కడ అంతరించి వందల ఏళ్లయింది. పులి లేదు, చిరుత లేదు. జింకను తినే జంతువు లేనప్పుడు సంఖ్య పెరగక ఏమవుతుంది? ఇప్పుడు మొత్తం 10 లక్షల దాకా ఉంటాయని అంచనా. అవి మొలిచే ప్రతి చెట్టు మొక్కనూ కొరికేస్తాయి. కొత్త అడవి లేవదు, పొలం దక్కదు. చలికాలంలో మేత చాలక జింకలే చస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కు. అక్కడి చట్టం ప్రకారం అడవిలో తిరిగే జింక ఎవరి సొత్తూ కాదు. కానీ దాన్ని వేటాడే హక్కు మాత్రం ఆ నేల యజమానిది. జింకకు సర్వే నంబర్లు తెలియవు కదా. ఎర్రజింకల్లో పోతులు వేసవంతా ఒక ఎస్టేట్ కొండ మీద మేస్తాయి. అక్టోబర్ వచ్చి ఎద అయ్యేసరికి పెంటిలున్న చోటికి, అంటే ఇంకొకరి ఎస్టేట్‌కు పోతాయి. మంచు పడితే అన్నీ కలిసి కింద లోయలో మూడో యజమాని నేలకు దిగుతాయి. మొదటివాడు పోతులన్నీ కాల్చేస్తే రెండోవాడికి మిగలవు. రెండోవాడు పెంటిల్ని అసలు ముట్టుకోకపోతే మూడోవాడి మొక్కలు మిగలవు. ఒక్కొక్కరు వేరువేరుగా చేసుకుంటే ఏ పనీ కాదని అర్థమై కట్టుకున్నవే జింకల నిర్వహణ సంఘాలు. ఒకే జింకల గుంపు తిరిగే నేలంతా ఒక సంఘం. ఊరి సరిహద్దు కాదు, తాలూకా సరిహద్దు కాదు, జింక తిరిగే సరిహద్దు. ఈ ఒక్క మాట మాకు చాలా నచ్చింది.

ఈ సంఘాలన్నిటికీ కలిపి ఒక సమాఖ్య 1992లో ఏర్పడింది. ఒక్కో సంఘంలో రకరకాలవాళ్లుంటారు. పెద్ద ఎస్టేట్ దొరలు, ప్రభుత్వ అటవీ సంస్థ, పక్షుల్ని కాపాడే సంస్థలు, ఊరోళ్లే కలిసి కొనుక్కున్న భూములు, చిన్న కమతాల రైతులు. వీళ్లకు ఒకరి మాట ఒకరికి పడదు. వేట కోసం డబ్బు కట్టి వచ్చే అతిథుల మీద బతికే ఎస్టేట్‌కు జింకలు ఎక్కువ కావాలి. అడవి పెంచేవాడికి తక్కువ కావాలి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. సంఘానికి ఎవరినీ బలవంతపెట్టే అధికారం లేదు, అంతా ఒప్పుదలే. చందా కొన్నిచోట్ల నేల విస్తీర్ణాన్ని బట్టి, కొన్నిచోట్ల కొట్టిన జింకల లెక్కను బట్టి కడతారు.

మరి ఒప్పుదల ఎట్లా కుదురుతుంది? లెక్కతో. చలికాలం చివర, కొండల మీద మంచు ఉండగా, చెట్లు చిగురించకముందు జింకలు బాగా కనపడతాయి. అప్పుడు ఎస్టేట్లన్నీ కలిసి ఒకే రోజుల్లో నడిచి లెక్క పెడతాయి. ఒకరు ఇవాళ, ఇంకొకరు వారం తర్వాత పెడితే అదే గుంపు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ప్రభుత్వ సంస్థ కొన్నిచోట్ల హెలికాప్టర్‌లో తిరిగి ఫోటోలు తీసి లెక్కిస్తుంది. పోతులెన్ని, పెంటిలెన్ని, ఆ ఏడు పిల్లలెన్ని అని విడిగా రాస్తారు. పిల్లల లెక్క తెలిస్తేనే వచ్చే ఏడు గుంపు ఎంత పెరుగుతుందో తెలుస్తుంది. దాన్ని బట్టి ఏ ఎస్టేట్ ఎన్ని తగ్గించాలో రాసుకుంటారు. సంఖ్య తగ్గాలంటే పెంటిలే తగ్గాలి, పోతుల్ని ఎన్ని కొట్టినా లాభం లేదు. పెంటి ఎర్రజింక వేటకు అక్టోబర్ 21 నుంచి ఫిబ్రవరి 15 దాకానే కాలం. ఎందుకంటే ఆ తర్వాత కడుపుతోనో, పిల్లతోనో ఉంటుంది. పోతులకున్న నిషేధ కాలాన్ని మాత్రం 2023లో ఎత్తేశారు.

ఇంకో లెక్క ఉంది, ఇది మనం బాగా చూడాల్సింది. వాళ్లు జింకల్ని మాత్రమే లెక్కపెట్టరు, కొరుకుడునూ లెక్కపెడతారు. కొండ మీద కొన్ని గుర్తు పెట్టిన చోట్ల ఎన్ని మొక్కల చిగుర్లు కొరికి ఉన్నాయో చూస్తారు. మళ్లీ అదే చోటికి వచ్చి అదే పద్ధతిలో చూస్తారు. ‘జింకలు ఎక్కువ’ అని ఒకరు, ‘లేదు తక్కువే’ అని ఇంకొకరు అరుచుకునే బదులు, చెట్టునే సాక్ష్యం అడిగినట్టు.

ఒప్పుదల కుదరకపోతే ప్రభుత్వం చేతిలో బెత్తం ఉంది. 1996 జింకల చట్టం ప్రకారం ముందు యజమానితో ఒప్పందం రాయించుకుంటారు. వినకపోతే అధికారులే దిగి జింకల్ని తగ్గించి, ఖర్చు యజమాని దగ్గర వసూలు చేయొచ్చు. ఈ రెండోది వాడడం చాలా అరుదు. దీని మీద అక్కడ పెద్ద వాదనే ఉంది. వాడని బెత్తానికి ఎవరు భయపడతారని ఒకరంటే, బెత్తం తీస్తే సంఘం చెదిరిపోతుందని ఇంకొకరు. మా మటుకు మొదటివాళ్ల మాటలోనే నిజం ఎక్కువుందని అనిపిస్తుంది. ఒక్కడు మొండికేస్తే మిగిలినవాళ్ల పంట పోవడం ఏం న్యాయం?

ఇప్పటిదాకా చెప్పింది పెద్ద ఎస్టేట్ల కొండ సీమ కథ. మనకు దగ్గరగా ఉండేది పల్లపు ప్రాంతం. అక్కడ నేల చిన్న చిన్న ముక్కలు. పొలాలు, తోపులు, మధ్యలో ఇళ్లు, రోడ్లు. జింకను కొట్టగలిగినవాడికి నేల ఉండదు, నేల ఉన్నవాడికి తుపాకీ ఉండదు. అందుకని శిక్షణ ఉన్న వేటగాళ్లు సంఘంగా చేరి, రైతుల దగ్గర వాళ్ల నేలలోకి వెళ్లడానికి అనుమతి అడుగుతారు.

విచిత్రం ఏమంటే, స్కాట్లాండ్‌లో మామూలుగా నడిచి పోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2003 భూ సంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా ఉంటే ఎవరైనా ఎవరి కొండ మీదైనా నడవొచ్చు. కానీ ఆ హక్కులో వేట లేదు. చేతిలో తుపాకీ ఉంటే అనుమతి కావాల్సిందే. అనుమతి లేకుండా జింకను కొడితే నేరం. తుపాకీ లైసెన్స్ పోలీసులిస్తారు, రాత్రిపూట కాల్చాలంటే విడిగా అనుమతి ఉండాలి. అనుమతి ఎవరివ్వాలన్నదీ తేలిక కాదు. కౌలు రైతు దున్నుతున్నా, వేట హక్కు సాధారణంగా యజమాని దగ్గరే ఉంటుంది. ఆయన దాన్ని వేరేవాళ్లకు గుత్తకు ఇచ్చి ఉండొచ్చు కూడా. పంట గట్టిగా దెబ్బతింటుంటే కౌలుదారు ఆపుకోవచ్చని చట్టం కొన్ని షరతులతో హక్కు ఇస్తుంది. అయినా ముందు ముగ్గురితోనూ మాట్లాడుకున్న సంఘమే ఎక్కువ కాలం నిలుస్తుంది.

రైతు తన నేలలోకి కొత్తవాడిని ఎందుకు రానిస్తాడు? డబ్బు కోసమే కాదు. నోటిమాట కాకుండా కాగితం మీద రాసుంటే, హద్దులు గీసిన పటం ఉంటే, ప్రమాదం జరిగితే భీమా ఉంటే, వచ్చేవాడి దగ్గర శిక్షణ పత్రం ఉంటే రైతుకు ధైర్యం. ఏ రోజు ఎవరు వస్తున్నారో ముందే ఫోన్ చేయాలి. ఆవులు ఏ మడిలో ఉన్నాయి, దారి ఎటు పోతుంది, ఇళ్లెక్కడున్నాయి, తూటా తగలకపోతే వెనక మట్టిదిబ్బలో ఆగుతుందా అని చూసుకోవాలి. కొట్టిన జింక మాంసం ఎవరికి అన్నదీ ముందే తేలాలి, లేకపోతే మొదటి తగాదా అక్కడే. ఏడాది చివర ఏ జాతి, పోతా పెంటా, ఎన్ని అని రైతుకు లెక్క అప్పజెప్పాలి. రైతు ఫోన్ చేయడానికి ఒకే మనిషి, ఒకే నంబరు ఉండాలి. ఇవన్నీ చిన్న సంగతుల్లాగే ఉంటాయి. వీటిలో ఒక్కటి తప్పినా గేటు మూసుకుంటుంది.

పది మంది రైతుల్లో తొమ్మిదిమంది ఒప్పుకుని, మధ్యలో ఒక్కరు కాదన్నారనుకోండి. జింకలు పగలంతా ఆ ఒక్కరి తోపులో పడుకుని, చీకటి పడగానే తొమ్మిది పొలాల్లోకి వస్తాయి. సంఘం సగం పని ఆ పదో గడప దగ్గర టీ తాగుతూ కూర్చోవడమే.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన దగ్గర తుపాకీ మాట వద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింకను చంపడం నేరం. మన తోటలో చచ్చి పడి ఉన్నా అది ప్రభుత్వ ఆస్తే, ముట్టుకోకుండా అటవీ శాఖకు చెప్పాలి. లైన్ కరెంటు తీగకు తగిలించి కట్టడం అంతకంటే పాపం. జింక కంటే ముందు నీళ్లు కట్టడానికి పోయిన మన మనిషే పోతాడు, లేదా ఏనుగు పోతుంది. పైన చెప్పిన కథలో మనం తీసుకోవాల్సింది గురిపెట్టడం కాదు, గడప తొక్కడం.

మిగతా పంటల రైతులకున్న ఒక దారి మనకు లేదు. వాళ్లు వాసన మందులు చల్లుతారు. మనం ఆకు మీద ఏది చల్లినా పురుగు నోట్లోకే పోతుంది. వేపనూనె కూడా పురుగుకు పడదు, మేత మానేస్తుంది. పక్కోడి చేను మందు గాలికి వచ్చినా మనకు భయమే. కాబట్టి మనకు మిగిలింది కంచె, కాపలా. రెండూ ఒక్కరి వల్ల కావు.

సోలార్ కంచె సంగతే చూడండి. ఒక్కరు తన రెండెకరాల చుట్టూ వేసుకుంటే జింకలు కంచె వెంబడి నడిచి పక్క తోటలో దిగుతాయి. ఆ రైతు మనల్ని తిట్టుకుంటాడు, తిట్టుకోవడంలో న్యాయం ఉంది. అడవి వైపు వరసగా ఉన్న తోటలన్నిటికీ కలిపి ఒకటే కంచె వేస్తే తీగ తక్కువ, బ్యాటరీ తక్కువ. కానీ కంచె ఒకరి నేల మీద, గేటు ఇంకొకరి నేల మీద, బ్యాటరీ మూడోవాడి షెడ్డులో ఉంటుంది. తీగకు గడ్డి తగిలితే షాక్ పలచబడిపోతుంది, వానాకాలంలో అయితే వారానికోసారి కోయాలి. కోయడానికి ఎవరి గట్టు మీద నడవాలి? గట్టు పక్కన మూడడుగులు ఎవరు వదలాలి? కౌలుకు చేసేవాళ్లయితే యజమాని ఒప్పుకున్నాడా? సరిగ్గా స్కాట్లాండ్ రైతు అడిగే ప్రశ్నలే ఇవి.

అందుకని తీగ కొనకముందే ఒక కాగితం రాసుకోండి. ఎవరి గట్టు మీద ఎవరు, ఏ పనికి, ఏ వేళ నడవొచ్చు. మందు చల్లే రోజు, పురుగు జ్వరంలో ఉన్న రోజు ఎవరికి ముందు చెప్పాలి. షెడ్డు దగ్గరికి రాకూడదు, వస్తే కాళ్లు సున్నంలో పెట్టి రావాలి, లేకపోతే ఒకరి షెడ్డు రోగం ఇంకొకరికి పోతుంది. బ్యాటరీ చెడితే ఎవరెంత వేసుకోవాలి. అక్కడ చందా నేలను బట్టి కడతారని చెప్పాం కదా, ఇక్కడ అడవి వైపు ఉన్న గట్టు పొడవును బట్టి పెట్టుకుంటే బాగుంటుందని మా ఆలోచన. లోపలి తోటలవాళ్లకూ లాభమే కాబట్టి వాళ్లు డబ్బు బదులు గడ్డి కోసే పని పంచుకోవచ్చు.

ఆకు లెక్క కూడా మొదలుపెట్టండి. కత్తిరించిన తర్వాత చిగురు వచ్చే రోజుల్లో, అడవి వైపు వరసలో 20 మొక్కలు, తోట నడుమ 20 మొక్కలకు గుడ్డపీలిక కట్టండి. ప్రతి ఆదివారం కొరికిన కొమ్మలెన్నో నోటుబుక్కులో తేదీతో రాసి, ఫోటో తీయండి. పక్క తోటవాళ్లూ అదే ఆదివారం చేయాలి. పరిహారం కోసం అటవీ శాఖకు అర్జీ పెట్టేటప్పుడు ఒక్క రైతు ‘చాలా పోయింది సార్’ అనడం వేరు, ఆరు తోటల లెక్క ఒకే పద్ధతిలో చూపించడం వేరు.

మీ వరసలో పదో గడప ఎవరిదో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఆ ఇంటికి కంచె కొటేషన్ పట్టుకుని కాదు, ముందు ఆ నోటుబుక్కు పట్టుకుని పోండి. ఈ పంట గూళ్లు మార్కెట్‌కు పోయిన తర్వాత, కొత్త గుడ్లు తెచ్చేలోపు వచ్చే నాలుగు ఖాళీ రోజులు దానికి మంచివి.