నోరులేని ప్రాణికి ఉపాధి

మక్కాలో విశ్వాసులపై దౌర్జన్యాలు పెరిగాయి. ఊరు వదలి వలసపోవలసిన పరిస్థితి వచ్చింది. 'అక్కడ మనకు ఇల్లు లేదు, తోట లేదు, వ్యాపారం లేదు. ఏం తిని బతకాలి?' అన్న దిగులు సహజం. సూరా అన్కబూత్ 60వ ఆయతు ఆ దిగులుకు సమాధానమని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. తమ ఆహారాన్ని మోసుకుని తిరగని ప్రాణులు ఎన్నో ఉన్నాయి, వాటికీ మీకూ ఉపాధినిచ్చేవాడు అల్లాహ్ యే అన్నది దాని భావం.

ఈ ఆయతు చదివినప్పుడు మనకు పిచ్చుకలో, పశువులో గుర్తుకొస్తాయి. ఆహారం మోసుకోవడం మాట అటుంచి, తినడానికి నోరే లేని ప్రాణి కూడా ఒకటుంది.

1977లో పసిఫిక్ మహాసముద్రంలో, గలపాగోస్ దీవుల దగ్గర, ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో శాస్త్రజ్ఞులు సుమారు 2,500 మీటర్ల లోతుకు దిగారు. సముద్రగర్భంలో వేడినీటి ఊటల కోసం వెతికే భూగర్భ శాస్త్రజ్ఞులు వారు. జీవశాస్త్రజ్ఞుడు ఒక్కడూ వెంట లేడు. ఎండ సోకని చోట మొక్క మొలవదు, మొక్క లేనిచోట ప్రాణులు గుంపులుగా బతకలేవన్నది అప్పటివరకు అందరి నమ్మకం. తీరా చూస్తే ఊటల చుట్టూ ఆల్చిప్పలు, పీతలు, తెల్లని గొట్టాల నుంచి ఎర్రని కుచ్చులు బయటపెట్టిన పురుగులు గుంపులు గుంపులుగా కనిపించాయి. ఆ గొట్టపు పురుగుకు రిఫ్టియా అని పేరు పెట్టారు. రెండు మీటర్ల వరకు పెరుగుతుంది. కోసి చూస్తే నోరు లేదు, కడుపు లేదు, పేగులు లేవు!

మరి తిండి ఎలా? 1980లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ పురుగు గురించిన ఉపన్యాసంలో, దాని శరీరంలో గంధకపు పలుకులు ఉన్నాయని చెప్పారు. విన్న విద్యార్థిని కొలీన్ కావనా, అయితే లోపల గంధకంతో బతికే బాక్టీరియా ఉండాలి అని అక్కడే అన్నది. మరుసటి సంవత్సరం ఆ మాట రుజువైంది. ఊటనీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే ఈ వాయువు మనకు విషం. పురుగు ఎర్రని కుచ్చులోని రక్తం ఆ విషాన్నీ, ప్రాణవాయువునూ కలవనివ్వకుండా వేర్వేరుగా పట్టి లోపలి బాక్టీరియాకు చేరుస్తుంది. అవి ఆ శక్తితో ఆహారం తయారుచేస్తాయి. అందులో పురుగుకూ వాటా.

కొన్ని ప్రాణులు ఈ నేస్తాలను ఒంటిమీదే పెంచుకుంటాయి. పాంపీ పురుగు వీపు నిండా ఉన్నిలాంటి బాక్టీరియా పొర. వీపు గ్రంథులు స్రవించే జిగురే ఆ బాక్టీరియాకు మేత. అట్లాంటిక్ అడుగున రిమికారిస్ అనే రొయ్య తన మొప్పల గదిలో వాటిని మోస్తూ ఊటల పక్కనే మసలుతుంది.

ఇక్కడ ఒక మాట. ఇలాంటివి తెలియగానే 'ఇది ఖుర్ఆన్ లో ముందే ఉంది' అని ప్రకటించేందుకు కొందరు తొందరపడతారు. ఆ ఆయతు పురుగుల శాస్త్రం చెప్పడానికి రాలేదు. దిగులుపడే గుండెకు ధైర్యం చెప్పడానికి వచ్చింది. తమకు తెలిసిన తలుపు ఒక్కటే తలుపని శాస్త్రజ్ఞులు అనుకున్నట్లే, ఉద్యోగం పోయినవాడు, వ్యాపారం దెబ్బతిన్నవాడు కూడా అనుకుంటాడు. హలాల్ దారి మూసుకుపోయింది, ఇక వడ్డీ తప్ప గతి లేదని తేల్చేస్తాడు. ఉపాధి మార్గాలన్నీ మనిషి లెక్కలోకి ఎప్పుడు వచ్చాయి గనుక!

అలాగని చేతులు ముడుచుకు కూర్చోవడం తవక్కుల్ కాదు. దైవప్రవక్త (స) పక్షుల ఉదాహరణ చెప్పారు. అవి ఉదయం ఖాళీ కడుపుతో బయలుదేరి సాయంత్రం నిండు కడుపుతో తిరిగివస్తాయి. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీలో ఉంది. పక్షి గూడు విడిచి ఎగురుతుంది. పురుగు కదలకున్నా దాని రక్తం విరామం లేకుండా పనిచేస్తుంది.

ఊట ఆగిపోతే ఆ పురుగులు చనిపోవా అని అడగవచ్చు. చనిపోతాయి. ప్రతి ప్రాణి ఉపాధి అల్లాహ్ బాధ్యత అని చెప్పే సూరా హూద్ 6వ ఆయతే దాని నివాసమూ, అది చేరవలసిన చోటూ ఆయనకు తెలుసని కూడా చెబుతుంది. ఉపాధికీ గడువు ఉంది. 1991లో తూర్పు పసిఫిక్ లో ఒకచోట లావా పొంగి ఊటల దగ్గరి ప్రాణులను కప్పేసింది. 1993 డిసెంబరు నాటికి అక్కడే మీటరుకు పైగా పొడవున్న కొత్త గొట్టపు పురుగులు నిలబడి ఉన్నాయి. అవి నీటిలో కొట్టుకువచ్చిన పిల్లల సంతానమో, ఆ పిల్లలో. రిఫ్టియా పిల్ల గుడ్డులోని కాస్త పచ్చసొన తప్ప ఏమీ తెచ్చుకోదు. తల్లి బాక్టీరియా దానికి అందవు. ఊట పక్కన చేరి అంటుకున్నాక, చుట్టూ నీటిలో ఉన్న బాక్టీరియా దాని చర్మం గుండా లోపలికి వస్తాయి.